మొప్ప ఎత్తి చూడ్డం

పొద్దున్నే హార్బరు వాసన
కొండెక్కి మా పెద్దాసుపత్రి ల్యాబ్ కిటికీలోంచి వస్తుంది.
నా బల్ల మీద గాజు పలకలు. ఒక్కో పలక మీద
ఒక్కో ఆడమనిషి గర్భాశయ ముఖద్వారం నుంచి
మెత్తని బ్రష్షుతో తుడిచి తెచ్చిన కొన్ని వేల కణాలు.
బొటనవేలి గోరంత జాగా.
ఇరవై రెండేళ్లుగా నా చూపు తిరిగే ఊరు అదే.

గరికిన ఎల్లాజమ్మ, ముప్పై నాలుగు, జాలరిపేట.
వైరస్ ఉంది.
పోయినేడాది స్లైడు కింద నేనే రాశాను:
‘అనుమానం. తేల్చి చెప్పలేం.’
తేల్చి చెప్పలేం అన్న మాటని
చేపలగంపతో పాటు ఏడాది నెత్తిన మోసింది.
దాని బరువు, రాసేటప్పుడు నాకు తెలీదు.

అప్పట్లో కణం ముఖం చూసి జోస్యం చెప్పేవాళ్లం.
కేంద్రకం కాస్త ఉబ్బితే, అంచు కాస్త వంకరపోతే
భయం. భయానికి కత్తి.
ఎల్లాజమ్మ తోటికోడలికి అలాగే
ఇరవై తొమ్మిదికే గర్భసంచి తీసేశారు, ఎక్కడో ప్రైవేటులో.
ఆ కాగితాలు తెచ్చి నా ముందు పరిచింది.
ఏ పేజీలోనూ కారణం లేదు. బిల్లు ఉంది.

ఇప్పుడు మాకు రెండు రంగులొచ్చాయి.
పి-పదహారు అనే ప్రొటీన్‌కి గోధుమ. అది బ్రేకు.
కేఐ-అరవై ఏడుకి ఎరుపు.
చీలిపోతున్నానని కణం వేసే కేక అది.
బుద్ధున్న కణంలో ఒకటుంటే ఇంకోటుండదు.
రెండూ ఒకే కణంలో కనిపించాయంటే
సింహాచలం ఘాట్ దిగుతున్న బస్సులో
బ్రేకు మీద కాలు తొక్కింది తొక్కినట్టే ఉంది,
చక్రాలే వినడం లేదు.

ఎల్లాజమ్మ పలకంతా తిరిగాను.
ఎరుపు ఉంది, అక్కడక్కడా. గోధుమ ఉంది, ఒక మూల.
ఒకే గూట్లో రెండూ లేవు.
ఇంకోసారి తిరిగాను. లేవు.

డాక్టరమ్మ చెప్పమంటే నేనే చెప్పాను:
ఆపరేషన్ వద్దు, ఏడాదికి మళ్లీ రా.
ఆమె కొంగుముడి విప్పింది.
డైలీ ఫైనాన్సులో తెచ్చిన ఐదొందల నోట్లు, తడి తడిగా.
“ఏటమ్మా, పెభుత్వాసుపత్రని ఒదిలించుకుంటన్నారా?
డబ్బులు తెచ్చేను కదా. తీసెయ్యండి, పీడా పోద్ది.”

నాకు మాట తోచలేదు.
ప్రొటీన్ అంటే కోడిగుడ్డు కదా అంది.
చివరికి అడిగాను: ఐసు పెట్టెలోంచి తీసిన వంజరం
తాజాదో కాదో నీకెలా తెలుస్తుంది?
“కన్ను మోసం సేస్తాది. ఐసు మోసం సేస్తాది.
మొప్ప ఎత్తి సూస్తాం.”
అని ఆగింది.
“నాది మొప్ప ఎత్తి సూసేవా?”
చూశాను.
“రంగు బాగుందా?”
ఈ ఏడాదికి బాగుంది.
ఈ ఏడాదికి అన్న ముక్క దగ్గర నేను గొంతు తగ్గించలేదు,
ఆమె విననట్టు నటించనూ లేదు.

నోట్లు మళ్లీ ముడేసింది.
వడ్డీ మాత్రం ఇవాళ్టి నుంచే నడుస్తాదని
తిట్టుకుంటూ మెట్లు దిగింది.
ఎవర్నో తెలీదు, నన్నే కావచ్చు.

మధ్యాహ్నం ట్రేలో నాలుగోది.
బొడ్డేపల్లి సుగుణావతి, ముప్పై ఎనిమిది,
అచ్యుతాపురంలో కుట్టుమిషన్ల కంపెనీ.
కిందటి రిపోర్టులో ‘దాదాపు మామూలే’ అని ఉంది.
దస్తూరీ నాదే.
ఎడమ అంచున ఒక గుంపు.
గోధుమ గిన్నెలో ఎర్ర గింజ.
పక్కన ఇంకోటి. ఇంకోటి.
టీ చల్లారిపోయింది.

ఇది క్యాన్సర్ కాదు. ఇంకా కాదు.
కాల్పోస్కోపుతో చూస్తారు, చిన్న ముక్క తీస్తారు,
అవసరమైతే చెడిన మేరకే కాలుస్తారు.
సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చు, మర్నాడు సంచి ఉంటుంది.
ఇదంతా నాకు తెలుసు.
తెలియాల్సింది ఆమెకి.

ఫారం మీదున్న నంబరు లైన్ సూపర్‌వైజర్‌ది.
షిఫ్టులో ఫోన్లు లోపలికి రానివ్వరట.
రింగవుతోంది.
మిషన్ల హోరులోంచి మగగొంతు: ఎవరు కావాలి?
ఏం పని?
అతనికి పేరు చెప్తాను, పేరు మాత్రమే.
రంగులు ఆమెవి.